కళ్ళారా చూసిన కోరా మెర్రిల్

పదకొండు కొట్టింది. పన్నెండుకు పిలుస్తామన్నారు. సాక్షుల గది అని పేరే గానీ ఇది పాత కాగితాలు పడేసుకునే గది, ఒక బెంచీ, కాలు విరిగిన కుర్చీ, వీధివైపు ఒక కిటికీ, కిటికీ అద్దం మీద వాన, ఆ వాన వెనక కొలంబియా నది ఉందో లేదో తెలియనంత బూడిద రంగు. నా నాలుక మళ్ళీ అక్కడికే పోతోంది. కుడివైపు కింది దవడలో చివరి పన్ను ఉండాల్సిన చోటికి. ఐదు నెలలైంది, పుండు మానిపోయింది, చిగురు నున్నగా మూసుకుంది, అయినా పోతూనే ఉంది, పోగొట్టుకున్న వస్తువు కోసం అదే జేబులో పదిసార్లు చెయ్యి పెట్టి చూసుకునే మనిషిలాగా. ఒక గంట. ఇంకో గంటలో లోపలికి వెళ్ళి పుస్తకం మీద చెయ్యిపెట్టి, మే నెల మూడో శనివారం మధ్యాహ్నం ఈ ఆల్డర్ పాయింట్‌లో, ఫిన్లాండ్ నుంచి వచ్చిన జాలర్లు కట్టుకున్న ఫిన్నుల హాలు ముందు నిలబడి, ఎయినో సల్మెలాని కళ్ళారా చూశానని చెప్పాలి. అతని చేతుల్లో తుపాకీ లేదని చెప్పాలి. చేపల డబ్బాల కంపెనీ కాపలావాళ్ళు ఇద్దరు ఉందని చెప్పారు మరి. జాలర్ల సమ్మె ఊరేగింపు హాల్లోంచి వీధిలోకి వస్తూండగానే తుపాకులు పేలాయి. ఒక కాపలావాడు చచ్చిపోయాడు. వలలు బాగుచేసే ముసలి హెయిక్కి కూడా పోయాడు గానీ అతని కోసం ఏ కోర్టూ కూర్చోలేదు. కాపలావాణ్ణి కాల్చింది ఎవరో ఎవరూ చూడలేదు. సమ్మెకి నాయకుడు ఎయినో కాబట్టి ఎయినోని పట్టుకున్నారు. నేరం రుజువైతే ఉరి.

నేను చూడలేదు. ఆ మధ్యాహ్నం నేను పోర్ట్‌లాండ్‌లో డాక్టర్ వోస్ అనే పళ్ళ వైద్యుడి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాను. మత్తు వాయువు పీల్చి, ఎవరో దూరంగా కట్టెలు విరుస్తున్నట్టు నా పన్ను విరుగుతున్న చప్పుడు వింటూ ఉన్నాను. అదీ సంగతి. బేరింగ్ సముద్రంలో కాడ్ చేపల ఓడ మీద జుట్టు కత్తిరించుకుని మగవాడి వేషంలో పనిచేసిన కోరా మెర్రిల్, పెట్టె మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చినందుకు ఇరవై రోజులు జైల్లో రొట్టె, నీళ్ళతో బతికిన కోరా మెర్రిల్, మెక్సికో కొండల్లో తిరుగుబాటుదారులతో కలిసి గాడిద మీద తిరిగిన కోరా మెర్రిల్, తన సొంత ఊరనుకున్న ఊళ్ళో, తన సొంత మనుషుల మీద తుపాకులు పేలిన రోజున పన్ను నొప్పికి తట్టుకోలేక వేరే ఊరు పారిపోయింది. నవ్వు రావాలి. రావడం లేదు.

ఆదివారం పొద్దున పడవ దిగాను. చెంప రొట్టెలా పొంగి ఉంది, గడ్డం కింద నుంచి తలమీదికి గుడ్డ కట్టి ఉంది. రేవులో ఆడవాళ్ళు నల్ల రుమాళ్ళు కట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసి ఒకామె పరిగెత్తుకుంటూ వచ్చి చేతులు పట్టుకుంది. "నిన్ను కూడా కొట్టారా కోరా? దొంగ వెధవలు, ఆడదాన్ని కూడా వదల్లేదా!" అంది. నేను నోరు తెరవలేకపోయాను. నిజంగానే తెరవలేకపోయాను, నోటినిండా దూది. తలూపాను. ఔననా, కాదనా? ఇప్పటికి ఐదు నెలలుగా ఆ తల ఊపు గురించే ఆలోచిస్తున్నాను. కాదని రెండు చేతులూ ఊపి ఉండొచ్చు, ఇసకలో వేలితో రాసి చూపించి ఉండొచ్చు. తలూపి, ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నిజమే. మూడోరోజు పత్రికవాళ్ళు వచ్చి నా చెంప ఫొటో తీసుకున్నారు.

అసలు ఎక్కడ మొదలైంది ఇది, మే నెలలో కాదు, అంతకుముందు, ఎంతో ముందు, కాడ్ ఓడ మీద. నా పక్క పరుపు కుర్రాడు, నార్వేవాడు, ఒక తెల్లవారుజామున అలకి కొట్టుకుపోయాడు. అప్పుడు నేను కింద గదిలో బొగ్గుల బాల్చీలో తలపెట్టి కక్కుకుంటున్నాను. పుస్తకంలో మాత్రం నేను తెరచాప తాడు పట్టుకుని నిలబడి, అతని చెయ్యి నీళ్ళమీద చివరిసారి పైకి లేవడం చూశాను. ఆ చెయ్యి గురించి ఎంతమంది ఉత్తరాలు రాశారో. వాళ్ళ అమ్మ కూడా రాసింది, ఎవరి చేతో చదివించుకుని, ఎవరి చేతో రాయించి. మా అబ్బాయిని చివరిసారి చూసిన కళ్ళు మీవి అని. ఆ ఉత్తరం తగలబెట్టాను. అప్పటినుంచీ అట్టమీద వేసేవాళ్ళు, కళ్ళారా చూసిన కోరా మెర్రిల్ అని. నిజంగా చూసినవి లేవా అంటే ఉన్నాయి. మెక్సికోలో ఒక మట్టిగోడ ముందు నలుగురిని నిలబెట్టారు. తుపాకులు ఎత్తుతున్నారు, ఆ నలుగురిలో ఒకడు ఆవలించాడు. నిద్ర చాలనివాడిలా నోరంతా తెరిచి ఆవలించాడు. అది చూశాను. పది అడుగుల దూరంలో ఉండి చూశాను. రెండేళ్ళయింది, దాని గురించి ఒక్క వాక్యం రాయలేకపోయాను. చూడనివే రాయడం వచ్చు నాకు. చూసినవి గొంతులో ఉండిపోతాయి.

ఎయినో సంగతి హిల్యా చెప్పింది. హిల్యా ఎయినో భార్య. పదకొండేళ్ళ కిందట ఒక్క వ్యాసం రాసుకుపోదామని ఈ ఊరు వచ్చినదాన్ని, వాళ్ళింట్లో వలలు ఆరేసే కొట్టు పైగదిలో దిగినదాన్ని, మళ్ళీ పోలేదు. పోయినా తిరిగి ఆ గదికే వచ్చాను. వాళ్ళ భాష నేర్చుకున్నాను. శనివారం ఆవిరి స్నానంలో హిల్యా నా వీపు రుద్దేది, "రచయిత్రమ్మ వీపు కూడా మా వీపులాగే ఉంది, ఏమంత పుస్తకాలు రాసినట్టు లేదు" అనేది. ఆ ఆదివారం వంటింట్లో, ఎయినోని తీసుకుపోయి పదహారు గంటలైన తర్వాత, హిల్యా కాఫీ కాచి, పోయడం మర్చిపోయి, గిన్నె చేత్తో పట్టుకునే చెప్పింది. ఆయన హాలు మెట్లమీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు, అప్పుడు పేలింది, అని. అంతే. బూటు తాడు. నేను పైకెళ్ళి కాగితం ముందు కూర్చున్నాను. దవడ సలుపుతోంది. బూటు తాడు, బూటు తాడు అని రెండుసార్లు రాసి కొట్టేశాను. ఒక మనిషిని ఉరికంబం నుంచి దింపడానికి బూటు తాడు సరిపోతుందా? ఎవరు చదువుతారు? అప్పుడు నా చెయ్యి తనంతట తానే రాసింది. ఒక చెయ్యి ముసలి హెయిక్కి నడుము కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద, నెత్తురోడుతున్న ఆ ముసలాణ్ణి పసిబిడ్డలా ఎత్తుకుని వస్తున్న ఎయినో సల్మెలా చేతుల్లో తుపాకీకి చోటెక్కడ? నేను చూశాను, అని. పత్రికలో వేశారు, దేశమంతా చదివింది. షికాగోలో దాన్ని బొమ్మ గీసి గోడలమీద అంటించారట. విరాళాలతో లాయరు వచ్చాడు. లాయరు వచ్చింది ఆ వాక్యం కోసమే.

వాన కొంచెం తగ్గింది. కోర్టు మెట్ల ముందు బగ్గీ ఆగింది. గొడుగు ముందు దిగింది, తర్వాత మనిషి. గుండ్రటి మనిషి, బంగారు కళ్ళజోడు, శుభ్రమైన తెల్లటి చేతులు. ఆ చేతులు నాకు తెలుసు. నా నోట్లో తిరిగిన చేతులు. డాక్టర్ వోస్ గొడుగు మడిచి, విదిలించి, పైకి చూశాడు. నేను కిటికీ పక్కకి తప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి ప్రభుత్వ వకీలు గుమస్తా ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతున్నాడు. పదకొండుం పావు. తెలిసిపోయింది వాళ్ళకి. నేను చూశానని చెప్పాలి, చెప్పాక ఆయన్ని పిలుస్తారు, ఆయన మర్యాదగా, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఆ శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి ఈవిడ నా దగ్గర ఉంది అంటాడు. నా మాట పోతుంది. నా మాటతో పాటు హిల్యా మాట పోతుంది, ఎందుకంటే హిల్యా మొన్న దుబాసీ పక్కన నిలబడి, ప్రమాణం చేసి, మా ఆయన హెయిక్కిని ఎత్తుకుని వస్తున్నాడు అంది. నా వాక్యమే అంది. బూటు తాడు అనలేదు. ఎయినో కూడా అనలేదు. అందరం ఒకే అబద్ధం ఆడామని తేలుతుంది, అబద్ధాలాడేవాళ్ళు హంతకులని తేలుతుంది.

తలుపు తీసి లాయరు కెండ్రిక్ తల లోపలపెట్టాడు. నిద్రలేని కళ్ళు, కాలరు మీద సిరా. "సిద్ధంగా ఉన్నారా మిస్ మెర్రిల్? మీరు పత్రికలో రాసినట్టే చెప్పండి. ఆ ముసలాణ్ణి ఎత్తుకోవడం దగ్గర కాస్త నెమ్మదిగా చెప్పండి. జ్యూరీలో ఇద్దరికి తండ్రులు ఈమధ్యే పోయారు."

"మిస్టర్ కెండ్రిక్, ఆ రోజు నేను..."

ఆయన చెయ్యి ఎత్తాడు. నా మొహం చూశాడు. తర్వాత కిటికీ చూశాడు. ఆయనా చూసి ఉంటాడు ఆ బగ్గీని. "వద్దు," అన్నాడు మెల్లగా. "మీరు చెప్పబోయేది నాకు వినపడకూడదు. వినపడితే మిమ్మల్ని నేను బోను ఎక్కించలేను."

"ఎక్కించకండి."

"నేను ఎక్కించకపోతే వాళ్ళు ఎక్కిస్తారు. మీ పత్రిక వాళ్ళ బల్లమీద ఉంది, ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి ఉంది. ఈ కేసులో నాకున్నదల్లా ఆ వాక్యమే." గొంతు తగ్గించాడు. "అది మీరు ఎందుకు రాశారమ్మా?" అని, జవాబు అక్కర్లేనట్టు తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు.

వెనకవైపు మెట్లున్నాయి. పొద్దున చూశాను. ఎటు వెళ్ళినా మొదట బయటికి దారి చూసుకోవడం నా అలవాటు. ఒంటిగంటకి నది మీదుగా సముద్రానికి పోయే స్టీమరు ఉంది. సంచీ అక్కర్లేదు, నేనెప్పుడూ సంచీ లేకుండానే పోయాను. జైలు నుంచి, మెక్సికో నుంచి, నాకు ఉంగరం తొడగబోయిన మనిషి నుంచి. రేపీపాటికి ఒడ్డు కనపడదు. అక్కడెక్కడో కూర్చుని, తెల్లకాగితం ముందర పెట్టుకుని, ఉరికంబం మీద ఎయినో సల్మెలా ఎలా నిలబడ్డాడో రాస్తాను. కళ్ళారా చూసినట్టు రాస్తాను. బాగా రాస్తాను కూడా. ఆ ఆలోచన రాగానే నామీద నాకే రోత పుట్టింది. రాస్తాను. నాకు తెలుసు రాస్తానని. మొదటి వాక్యం అప్పుడే తయారవుతోంది, ఆగమన్నా ఆగడం లేదు, వానలో తడిసిన పలకలు, లేదు, తడిసిన పలకల వాసన, ఆపు, ఆపవే.

హిల్యా తలుపు తట్టదు ఎప్పుడూ. మోచేత్తో తోసుకుని లోపలికి వచ్చింది, గుడ్డ చుట్టిన కాఫీ కూజా, రుమాల్లో యాలకుల రొట్టె. డబ్బాల ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళకి పగిలిన వేళ్ళు. బెంచీ మీద నా పక్కన కూలబడి, కప్పులో పోసి, చక్కెర ముక్క నా చేతిలో పెట్టింది.

"తాగు. చల్లారిపోద్ది. మొహం చూడు, చచ్చిన చేప నయం."

"హిల్యా, పళ్ళ డాక్టరు వచ్చాడు."

చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ ఒక గుటక తాగింది. "చూశాను. బంగారు కళ్ళజోడు ఆయనేనా? నువ్వు చెప్పినంత లావు లేడే."

హిల్యాకి తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఆ శుక్రవారం ఉప్పు మూటకట్టి నా చెంపకి కాపడం పెట్టి పడవ ఎక్కించిందే ఆమె. ఆ ఆదివారం తర్వాత ఈ ఐదు నెలల్లో మేం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర.

"నువ్వు నాకు ఆ ఆదివారం చెప్పింది వేరు," అన్నాను. "బూటు తాడు కట్టుకుంటున్నాడన్నావు."

"అన్నానా?"

"కాఫీ గిన్నె పట్టుకుని అన్నావు."

హిల్యా కప్పు కింద పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటిని చూస్తూ కూర్చుంది. "అని ఉంటాను. నువ్వు అబద్ధం చెప్పవుగా నాతో. కానీ కోరా, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు బూటు కనపడదు. హెయిక్కిని ఎత్తుకుని వస్తన్న ఎయినోయే కనపడతాడు. నువ్వు రాసినట్టే. హెయిక్కి చెయ్యి ఇలా వేలాడతా ఉంటది. హాల్లో అందరికీ అలాగే కనపడతంది. ముసలి కైసా అయితే ఏడుస్తా చెప్పద్ది. ఇన్ని నెలలు ఒంటరిగా పడుకుని ఆ బొమ్మే చూసుకున్నాను, అది లేకపోతే ఎట్టా బతికేదాన్ని? కోర్టులో నేను అబద్ధం ఆడలేదు. నాకు కనపడిందే చెప్పాను." నావైపు తిరిగింది. "నా మొగుడు ఆ రోజు ఏం చేశాడో నాకే తెలీకుండా చేశావే నువ్వు."

ఈ భూమ్మీద అది చూసిన కళ్ళు రెండే రెండు, హిల్యావి. వాటిమీద నేను నా వాక్యం పూశాను. ఓడమీది కుర్రాడి తల్లికి కూడా ఇదే చేశాను కాబోలు. లేని చెయ్యిని నీళ్ళమీదికి లేపి చూపించాను, ఆమె చచ్చేదాకా ఆ చెయ్యినే చూసుకుని ఉంటుంది. చాలామంది కళ్ళల్లో నా బొమ్మలు ఉన్నాయి. ఎంతమందివో. నేను వాళ్ళ కోసమే రాశాననుకున్నాను. జాలర్ల కోసం, సమ్మె కోసం, న్యాయం కోసం. ఔను, వాళ్ళ కోసమే రాశాను. కానీ వాక్యం చివర చుక్క పెట్టినప్పుడు నా ఒంట్లో పాకిన ఆ వెచ్చదనం ఎవరి కోసం?

"ఏం చెప్పమంటావు హిల్యా, లోపల?"

వాన మళ్ళీ పెరిగింది. "నన్నడగొద్దు," అంది. "చూశానంటే ఆ కళ్ళజోడాయన ఎయినోని చంపేస్తాడు. చూళ్ళేదంటే నువ్వే చంపుతావు. నేనేం చెప్పను?" లేచి, కూజా తీసుకుని, రొట్టె మాత్రం అక్కడే వదిలి వెళ్ళింది. రొట్టె విరిచి నోట్లో పెట్టుకున్నాను.

బంట్రోతు పిలిచాడు. బోను దాకా ఎన్ని అడుగులో, ఒక్కటీ గుర్తులేదు. పన్నెండుమంది జ్యూరీ, అందరూ దుకాణాలవాళ్ళు, భూములవాళ్ళు, ఒక్కడి చేతులకీ వల కోతలు లేవు. కుడివైపు ఎయినో, బాగా చిక్కిపోయాడు, చొక్కా కాలరులో మెడ సన్నగా కదులుతోంది. ఆ మెడ చూడకూడదనుకున్నాను. దానినే చూశాను. కెండ్రిక్ లేచి అడిగాడు, ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకి మీరేం చూశారో జ్యూరీకి చెప్పండి, అని.

"నేను అక్కడ లేను," అన్నాను.

ఎవరో కుర్చీ జరిపారు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పోర్ట్‌లాండ్‌లో పన్ను పీకించుకుంటున్నాను. పత్రికలో రాసింది కల్పన. మర్నాడు హిల్యా సల్మెలా నాతో అన్నది ఒక్కటే, ఆయన మెట్లమీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడని. అది నాకు చాలలేదు, అందుకని మార్చాను. ఆమె ఈ కోర్టులో చెప్పింది నా వాక్యం. తప్పు నాది, ఆమెది కాదు. కెండ్రిక్ కూర్చున్నాడు, పాతగోడ కూర్చున్నట్టు. ప్రభుత్వ వకీలు లేచాడు, తొందరేమీ లేదు ఆయనకి. "అయితే మిస్ మెర్రిల్, ఇప్పటిదాకా మీరు రాసిన పుస్తకాల్లో నిజం ఏది?" అన్నాడు. నవ్వులు. మెక్సికోలో ఆ నలుగురిలో ఒకడు ఆవలించాడు అని చెప్పాలనిపించింది. ఎవరికి అర్థమవుతుంది? "ఈ ఒక్కటి," అన్నాను. "ఇప్పుడు చెప్పింది." "ఇది మాత్రం ఎందుకు నమ్మాలో?" అని కూర్చున్నాడు.

అప్పుడు వెనక బల్లల్లోంచి హిల్యా లేచింది. ఎవరూ పిలవలేదు. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు ఆమెకి, తన భాషలో మొదలుపెట్టింది, గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడినట్టు. జడ్జి సుత్తితో కొట్టాడు. ఆమె ఆగలేదు. బంట్రోతు కదిలాడు గానీ ఆమె మొహం చూసి ఆగిపోయాడు. దుబాసీని మొన్ననే పంపేశారు. "ఏమంటోంది ఈవిడ?" అన్నాడు జడ్జి, వాళ్ళ భాష వచ్చని తెలిసి, బోనులో ఇంకా ఉన్న నావైపు తిరిగి. జీవితంలో మొదటిసారి నేను ఏమీ ఆలోచించలేదు. ఆమె ఒక వాక్యం, నేను ఒక వాక్యం.

"అతని బూటు తాడు తెగింది, అంటోంది. రెండు ముక్కలూ కలిపి ముడి వేస్తున్నాడు, అంటోంది. నేను అతన్ని తిట్టాను, అంటోంది. ఊరేగింపు వెళ్ళిపోతోంది, నీకెప్పుడూ ఆలస్యమే, నీతో పెళ్ళి నాకు ఖర్మ, అన్నాను, అంటోంది. అప్పుడు తుపాకీ పేలింది. అతను తలెత్తి నన్నే చూశాడు, నేనే ఏదో పగలగొట్టాననుకున్నట్టు చూశాడు. చేతుల్లో తాడు ఉంది. హెయిక్కిని ఎవరు మోశారో నేను చూడలేదు. మొన్న చెప్పింది తప్పు. నేను తిట్టిన సంగతి ఎవరికీ చెప్పుకోలేక మర్చిపోయాను, ఇప్పుడు గుర్తొచ్చింది, అంటోంది."

ఆ తిట్టు నాకు తెలియదు. నేనెన్ని జన్మలెత్తినా కల్పించలేను దాన్ని. ఎయినో ముద్దాయి బోనులో తలవంచుకుని ఏడుస్తున్నాడు, భుజాలు కదలకుండా, మగవాళ్ళు పడవలో ఏడ్చినట్టు. జ్యూరీలో ఒకడు గోళ్ళు చూసుకుంటున్నాడు. ఒకడు మాత్రం, చివర కూర్చున్న గడ్డం మనిషి, హిల్యా నోటినే చూస్తున్నాడు, అర్థమైనట్టే. నావైపు ఎవరూ చూడలేదు. "పిలవని సాక్ష్యం, ప్రమాణం లేని అనువాదం, కొట్టేయండి," అన్నాడు ప్రభుత్వ వకీలు. కొట్టేశారు. విన్నది మర్చిపొమ్మని జ్యూరీకి చెప్పారు.

సాయంత్రం ఐదింటికి తీర్పు వచ్చింది. నేరం రుజువైంది. ఉరి మాత్రం వద్దని జ్యూరీ అడిగింది, ఒక్క మనిషి చివరిదాకా పట్టుపట్టాడట. ఇరవై రెండేళ్ళ జైలు. "మీవల్ల ఉరి తప్పిందో, మీవల్లే ఇరవై రెండేళ్ళు పడ్డాయో, నేను చెప్పలేను," అన్నాడు కెండ్రిక్ టోపీ పెట్టుకుంటూ. డాక్టర్ వోస్‌ని పిలవాల్సిన పనే పడలేదు, ఆయన నాకు తలవంచి నమస్కరించి వెళ్ళాడు.

మెట్లమీద ఫిన్నుల ఆడవాళ్ళంతా వానలో నిలబడి ఉన్నారు. నేను వస్తుంటే దారి ఇచ్చారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ముట్టుకోలేదు. హిల్యా వాళ్ళ మధ్యలోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా, పొడిగా ఉన్నాయి.

"నేను చెప్పింది చెప్పినట్టే చెప్పావు," అంది. "ఒక్క మాట కూడా కలపలేదు. విన్నాను."

"హిల్యా..."

"రాత్రి చలి ఎక్కువ. చెంపకి గుడ్డ కట్టుకో," అని, రుమాలు తలమీదికి లాక్కుని, ఆడవాళ్ళతో కలిసి హాలువైపు దిగిపోయింది. రమ్మని మాత్రం అనలేదు.